ఏదో ఒక లోపం

ప్రభువా, నాకేదైనా తేలనియ్యి. మరీ పెద్దది వద్దు, ప్రాణం మీదికి వచ్చేది అసలే వద్దు, రోజుకో మాత్రతో సర్దుకుపోయేదైతే చాలు, కానీ విమానం మాత్రం ఎక్కనివ్వనిది. చూడు, బేరం చూడు! కూరల బండి దగ్గర నిలబడి ఇంకాస్త తగ్గించవయ్యా అన్నట్టు అడుగుతున్నాను. సిగ్గుండాలి. ఎదురుగా గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ, దాని పక్కన మూత్రపిండాల బొమ్మ, ఆ పక్కన పెదవుల మీద వేలు పెట్టుకుని నిశ్శబ్దం అంటున్న నర్సు బొమ్మ. ఒక్కో బొమ్మనూ దుకాణంలో చీరలు చూసినట్టు చూస్తున్నాను, ఇది నాకు నప్పుతుందా, అది నప్పుతుందా అని. ఊపిరితిత్తులైతే మా ఆయన హడలిపోతారు. మూత్రపిండాలైతే మా అక్క ఏడ్చి పడకేస్తుంది. రక్తహీనత అయితే బాగుంటుంది, నలుగురూ జాలిపడతారు, ఎవరూ బెంబేలెత్తరు, పైగా పరువుగా కూడా ఉంటుంది, సేవలో అరిగిపోయింది పాపం అంటారు. ఛీ, ఛీ! మా మిషన్ సంస్థకు ఒక నియమం ఉంది. సెలవు మీద ఇంటికి వచ్చిన కుటుంబం మళ్ళీ సముద్రం దాటాలంటే ముందు ఈ ఆసుపత్రికి వచ్చి అందరూ పరీక్షలు చేయించుకోవాలి, అందరూ బాగుండాలి. ఒక్కరికి తేడా ఉన్నా ఎవరూ కదలడానికి లేదు, ఎందుకంటే మేము పనిచేసే చోట పెద్ద డాక్టర్లు లేరు. మంచి నియమమే. మనుషుల మేలు కోరి పెట్టిందే. నేను దాన్ని పట్టుకుని దొడ్డిదారి చేసుకుందామని చూస్తున్నాను.

సూదితో రక్తం తీసేశారు, మోచేతి మడతలో దూది పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన్ని గుండె పరీక్షకు లోపలికి తీసుకెళ్ళారు. ఆయన గుండెకేం, గుర్రంలా ఉంటుంది. నా పక్కన ఒకవైపు మా అమ్మాయి, ఇంకోవైపు మా పెద్దయ్య ఉన్నారు. ఆయన మా సంఘపెద్ద, చిన్నా పెద్దా అందరికీ పెద్దయ్యే, తన సొంత వ్యాను వేసుకుని పొద్దున్నే మమ్మల్ని తీసుకొచ్చారు. "అమ్మగారూ, మీరేం దిగులుపడకండి. సంఘమంతా వంతులేసుకుని మీ ఆరోగ్యం కోసం ప్రార్థనలో ఉన్నారు. ఒక్క గంట ఖాళీ పోవట్లా" అన్నారు ఇందాక, నా దూది వైపు చూస్తూ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ గంటలో ఎవరి వంతో. కుట్టుమిషన్ల దుకాణం ఆవిడదేమో, మోకాళ్ళ నొప్పులున్నా నేల మీదే మోకరిస్తుంది, లేవాలంటే మంచం కోడు పట్టుకోవాలి. ఆవిడ అక్కడ ఆ కొస పట్టుకుని లాగుతోంది, నేనిక్కడ ఈ కొస పట్టుకుని లాగుతున్నాను, మధ్యలో దేవుడు ఎవరి మాట వినాలి? నా పెదవులు కదలడం చూసి పెద్దయ్య గొంతు తగ్గించేశారు, అమ్మగారు ప్రార్థనలో ఉన్నారని. ఉన్నానండీ, నిజంగానే ఉన్నాను. నాకు మనసులో ప్రార్థన చేయడం చిన్నప్పటి నుంచీ చేతకాదు, గొణిగితే తప్ప అందినట్టు ఉండదు. ఇంట్లో అయితే స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పేసి, ఆ హోరులో గొణుక్కుంటాను. మా ఆయన ఒకరోజు తలుపు తట్టి, నీళ్ళు వృథా అవుతున్నాయి, ఏం చేస్తున్నావు అని కూడా అడిగారు.

భయమా అంటే భయం కాదు. భయమైతే చెప్పుకోడానికైనా ముఖం ఉండేది. అక్కడ మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. జ్వరాలు వచ్చాయి, పోయాయి. గాలికి ఇంటి కప్పు లేచిపోతే ఇరుగుపొరుగు నిచ్చెనలు మోసుకొచ్చి వాళ్ళే రేకులు బిగించి పోయారు. అంత మంచివాళ్ళు. నా బాధ చెబితే నవ్విపోతారు. నాకు అక్కడ పోట్లాడటం రాదు. అదీ సంగతి. ఆ భాషలో నాకు వచ్చినవన్నీ మంచి మాటలే, బాగున్నారా, కూర్చోండి, చాలా సంతోషం, సూదిలో దారం ఇలా ఎక్కించండి, దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు. ఒక ఎత్తిపొడుపు రాదు, ఒక దెప్పు రాదు, ఒక వేళాకోళం రాదు. పుట్టింట్లో ఉండగా నా నోటికి జడిసి పాలవాడు నీళ్ళు కలిపేవాడు కాదని మా నాన్న అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. అలాంటిదాన్ని అక్కడ నోట్లో నాలుక లేని మహా సాధ్విని. కుట్టుపని నేర్చుకోడానికి నా దగ్గరికి వచ్చే అత్తగార్లు నన్ను చూపించి వాళ్ళ కోడళ్ళకు చెబుతారట, ఆ అమ్మ ఎంత శాంతమో చూడండి, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కసురుకుందా అని. కసురుకోడానికి మాటలు రావాలి కదా తల్లీ! మా ఆయనకు ఆ భాష నీళ్ళు తాగినంత తేలిక, ఆయన ఆ భాషలో కలలు కంటారు, సంత మధ్యలో నిలబడి వాళ్ళను నవ్విస్తారు, ఇంటికొచ్చి ఆ జోకు నాకు విప్పి చెబుతారు. విప్పి చెప్పిన జోకు ఎలా ఉంటుందో తెలిసిందే కదా. నేను నవ్వుతాను. రోజులో నేను నవ్విన నవ్వుల్లో సగం అలాంటివే.

ఇక్కడికి సెలవు మీద వచ్చిన మొదటి వారం బస్సెక్కాను. నా స్టాపు దాటించేసి ఎక్కడో ఆపాడు కండక్టరు. "ఏమయ్యా, ఇదేమైనా మీ మామగారు నీకు పెట్టిన బస్సా, నీకు బుద్ధి పుట్టిన చోట ఆపడానికి?" అన్నాను. నేను అనలేదు, అది దానంతటదే వచ్చేసింది, నోటిలో అన్నేళ్ళు నానబెట్టుకున్నట్టు. బస్సంతా గొల్లుమంది. "మా మామగారా? ఆయన పెడితే ఇలాంటి డొక్కు బస్సు పెడతాడా అమ్మా?" అన్నాడు వాడు, మళ్ళీ నవ్వులు. దిగి ఫుట్‌పాత్ మీద నిలబడి ఏడ్చాను. మిషనరీ భార్యను, నడిరోడ్డు మీద, కండక్టరు నాతో వేళాకోళం ఆడాడని ఏడ్చాను. ఆ రోజు నుంచి నేను మనిషినైనట్టుంది. దర్జీతో పేచీ పెట్టుకున్నాను, అక్క మీద అలిగాను, అక్క చేత బతిమాలించుకున్నాను, ఫోనులో చిన్నాన్న కూతురితో వాళ్ళ అత్తగారి గురించి చెప్పుకోకూడని మాటలన్నీ చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వాను. అవన్నీ పాపాలే అనుకో. కానీ ఆ పాపాలు చేస్తున్న మనిషిని నేను గుర్తుపట్టాను, ఇది నేనే, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే అనుకున్నాను. అక్కడ ఉన్నది పుణ్యాత్మురాలు, కానీ ఆవిడెవరో నాకు సరిగ్గా పరిచయం లేదు. ఇంత చిన్న విషయానికా అంటే, అవును, ఇంత చిన్న విషయానికే. అక్కడ పని ఆగితే ఎంతమంది నష్టపోతారో తెలిసి కూడా, నాకు మాటకు మాట అనే సుఖం కావాలి. మా ఆయనకు ఎన్నోసార్లు చెప్పబోయాను. నోరు తెరిచేసరికి ఆయన పెట్టె ముందు కూర్చుని పుస్తకాలు సర్దుకుంటూ అంత సంతోషంగా కనిపిస్తారు. "నువ్వు సిద్ధమేనా?" అంటారు. పెట్టెల సంగతి అడుగుతున్నారు. నా పెట్టె సిద్ధమే.

సెలవు అనే మాటే కానీ సెలవెక్కడిది. ఆదివారానికొక సంఘం, ఒక్కోసారి రెండు. ఆయన గోడ మీద ఫోటోలు వేసి చూపిస్తారు, నేను లేచి అందరికీ వందనాలు చెబుతాను, పిట్ట అక్కడి పిల్లల బట్టలేసుకుని అక్కడి భాషలో పాట పాడుతుంది. పిట్ట అంటే మా అమ్మాయి. ఒక ఫోటో ఉంది, ప్రతి సంఘంలోనూ వేస్తారు, కుట్టుబడిలో ఆడవాళ్ళంతా విరగబడి నవ్వుతుంటారు, మధ్యలో నేనూ నవ్వుతుంటాను. ఈ ఆనందం చూడండి అంటారు ఈయన, అందరూ స్తోత్రం అంటారు. ఆ రోజు వాళ్ళు దేనికి నవ్వారో నాకిప్పటికీ తెలియదు. అందరూ నవ్వుతున్నారని నవ్వాను. ఆ ఫోటో పడిన ప్రతిసారీ నేను చాపలో అల్లిక చూసుకుంటూ కూర్చుంటాను. దాని తర్వాత ఆయన ప్రసంగం, అదీ అన్ని చోట్లా ఒకటే. ఎవరి ప్రార్థన మీ చెవిన పడిందో ఆ ప్రార్థనకు జవాబు మీరే, దేవుడు మిమ్మల్ని ఆ చోట ఊరికే నిలబెట్టలేదు, ఆయన ఏదో చేస్తాడని చూస్తూ కూర్చోకండి, లేవండి, మీరే జవాబవ్వండి. బాగా చెబుతారు, కాదనను. మొదటిసారి విన్నప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. ముందు వరుసలో కూర్చున్న పిట్టకు అది కంఠస్థం, ఎక్కడ ఆగుతారో, ఎక్కడ గొంతు పెంచుతారో అన్నీ తెలుసు, ఆయనతో పాటు పెదవులు కదుపుతుంటుంది. నేను మోచేత్తో పొడుస్తుంటాను, నవ్వొస్తుందని.

"పాపను పంపండమ్మా, చెవుల పరీక్ష" అని ఒక అమ్మాయి వచ్చి పిలిచింది. పిట్ట చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళింది, వెనక్కి తిరిగి నన్ను ఒక్కసారి చూసింది. ఏమిటా చూపు అనుకున్నాను, సూది ఉంటుందని భయమేమో. చెవుల గది తలుపుకు అద్దం బిళ్ళ ఉంది, అది నాకు సరిగ్గా ఎదురుగా పడింది. దాని చిన్న తలకు ఇంత లావు హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలని ఆ అమ్మాయి తన చెయ్యి ఎత్తి చూపిస్తోంది. మిషను మీద ఎర్రదీపం వెలిగినప్పుడల్లా చప్పుడు పంపుతున్నారన్న మాట. కుడిచెవి. దీపం, చెయ్యి. దీపం, చెయ్యి. దీనికి వినపడక ఎవరికి వినపడుతుంది! మూడు గదుల అవతల బిస్కెట్ పొట్లం విప్పితే వచ్చి నిలబడే రకం. నాన్న బండి వీధి మలుపు తిరగకముందే తలుపు తీస్తుంది. పిట్టకు అక్కడంటే ప్రాణం. దానికి అక్కడే నోరుంది, పోట్లాటలు, ముద్దుపేర్లు, రహస్యాలు, ఒకళ్ళ జడలు ఒకళ్ళు లాక్కోవడాలు అన్నీ ఆ భాషలోనే. దాని పెట్టెలో ఒక సబ్బు డబ్బా నిండా తలకు పెట్టుకునే క్లిప్పులు ఉన్నాయి, అక్కడ దాని బెంచీలో కూర్చునే స్నేహితురాలికట, ఇక్కడ ఏ దుకాణానికి వెళ్ళినా దానికోసం రంగు చూసి ఏరుకొచ్చింది. ఇది ఆ పిల్లకు నప్పుతుందా అమ్మా అని నన్ను అడిగేది. నప్పుతుందిలే అనేదాన్ని, ఆ పిల్ల ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తులేకుండా. నేను ఇక్కడ ఉండిపోతే ఇది అక్కడ లేకుండా పోతుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసే అడుగుతున్నాను. పిల్లలు సర్దుకుపోతారు అని మనకు కావలసినప్పుడు భలే సులువుగా అనుకుంటాం.

ఎడమచెవి. దీపం వెలిగింది. చెయ్యి లేవలేదు. ఆ అమ్మాయి ఏదో గుండ్రంగా తిప్పింది, మళ్ళీ దీపం. చెయ్యి లేవలేదు. ఇంకా తిప్పింది. లేవలేదు. ఆ అమ్మాయి నొసలు ముడిపడింది, వైరు తీసి మళ్ళీ పెట్టింది. నా గుండె గుభేలుమంది, ఆ వెంటనే, ఎలా చెప్పను, ఆ గుభేలు వెనకాలే ఇంకొకటి వచ్చింది, గంతు వేసింది నా గుండె. విన్నాడు. దేవుడు విన్నాడు. పెద్ద జబ్బు కాదు, నొప్పి లేదు, ప్రాణభయం లేదు, ఒక్క చెవి, అదీ ఎడమది. నాకు ఇక్కడి వీధులు కనిపించాయి, అక్క ఇంటి మెట్లు, నా బస్సు. కన్నకూతురికి చెవుడొచ్చిందని ఏ తల్లి గుండె ఇలా తేలికపడుతుంది? చీర కుచ్చెళ్ళు చేత్తో గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు చూశాను. దీపం వెలిగిన ప్రతిసారీ దాని కనురెప్ప సన్నగా అదురుతోంది. పై పెదవి కింద కింది పెదవి దాచి అదిమిపెట్టుకుంది, జాడీ పగలగొట్టి పిల్లి మీద పెట్టినప్పుడు పెట్టే పెదవి అది. దీపం, రెప్ప. దీపం, రెప్ప. చేతులు మాత్రం తొడల కింద పెట్టుకుని కూర్చుంది, పొరపాటున లేస్తాయని. దొంగపిల్ల! శుభ్రంగా వినపడుతోంది దానికి. ఎందుకిలా చేస్తోందో నాకు అంతుబట్టలేదు, అంతుబట్టించుకోవాలని కూడా ప్రయత్నించలేదు. నిజం నిజంగా చెబుతున్నాను, నా సంతోషం అప్పటికి కూడా పోలేదు. అబద్ధమని తెలిసింది, అయినా చేతిలోంచి జారవిడవాలనిపించలేదు.

డాక్టరమ్మ పిలిచింది. తెల్లజుట్టు మనిషి, ఏది చెప్పినా పక్కింటావిడ చెప్పినట్టు చెబుతుంది. నా పక్కన పిట్ట నిలబడింది, నేల చూపులు చూస్తూ. "ఎడమచెవి అస్సలు పలకట్లేదమ్మా. ఇంత తేడా ఉంటే ఇంట్లో తెలియాలే. నువ్వెప్పుడైనా గమనించావా?" అంది. గమనించలేదండీ అనాలి. ఈ పిల్ల వేషాలు వేస్తోందండీ అనాలి. నోటికి అడ్డూ అదుపూ లేనిదాన్ని కదా, అప్పుడు కావాలి ఆ నోరు. "అవునండీ, ఈమధ్య అప్పుడప్పుడు పిలిస్తే పలకట్లేదు" అన్నాను. ఎంత చక్కగా వచ్చిందో అబద్ధం! అంతటితో ఊరుకున్నానా? "అక్కడ వర్షంలో తడిసినప్పుడు చెవిపోటు అని కూడా అంది" అన్నాను. దానికి చిలవలు పలవలు కూడా అల్లుతున్నాను. డాక్టరమ్మ పిట్ట చెవిలోకి దీపం వేసి చూసింది, పైకేమీ లేదే అంది, నాలుక చప్పరించింది. "అయితే లోపల నరం చూడాలి. పెద్దాసుపత్రికి రాస్తాను. అది తేలేదాకా మీరు ప్రయాణం మాటెత్తకూడదు. ఆయనకి నేను చెప్తాలే, నువ్వు కంగారుపడకు తల్లీ" అని నా భుజం తట్టి, ఆయన్ని చూడటానికి బయటికి వెళ్ళింది. నా భుజం మీద ఆవిడ చెయ్యి పడిన చోట మంట పుట్టింది. జాలిపడింది నా మీద. ఎప్పుడూ నా మీద ఎవరో ఒకరు జాలి పడుతూనే ఉంటారు, నేను పడనిస్తూనే ఉంటాను.

గదిలో మేమిద్దరమే మిగిలాం. బల్ల మీద ప్లాస్టిక్ చెవి ఒకటి ఉంది, విడదీసి లోపల నత్తగుల్లలాంటిది చూపించేది. పిట్ట దాన్ని విప్పుతూ, మూస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "ఇప్పుడు సరిపోయిందా అమ్మా?"

"ఏం సరిపోవడం?"

"అదే, నువ్వు రోజూ అడుగుతున్నావుగా. నాకేదైనా తేలనియ్యి, నాకు కాకపోతే మాలో ఎవరికైనా సరే అని." చాలా మామూలుగా చెబుతోంది, కొట్టుకెళ్ళి చెప్పిన సరుకు తెచ్చినట్టు. "కుళాయి తిప్పినా వినపడుతుందమ్మా. నా మంచం ఆ గోడ పక్కనేగా. నేను చాలా రోజులు చూశా, నీకేమీ అవట్లేదు. నాన్న చెప్తారుగా, చెవిన పడితే మనమే జవాబవ్వాలని. ముందు కన్ను అనుకున్నా. కానీ కన్నయితే కళ్ళజోడిచ్చి పంపించేస్తారు. అందుకే చెవి. నొప్పేం లేదులే, ఊరికే చెయ్యెత్తకపోతే చాలు." ప్లాస్టిక్ చెవి మూత సరిగ్గా పడటం లేదు, వేలితో నొక్కుతోంది. "క్లిప్పులు పోస్టులో పంపిస్తే విరిగిపోతాయా?"

మాలో ఎవరికైనా సరే. అన్నానా? అన్నాను. నాకే అని ఇందాకటి దాకా నాకు నేను చెప్పుకుంటూ వస్తున్నాను, ఎంత మంచిదాన్ని, నాకే రావాలని కోరుకుంటున్నానని. కానీ అన్నాను, ఒకరోజు కాదు, చాలా రోజులు, కుళాయి హోరులో, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరికైనా సరే ప్రభువా అని. ఆ ఎవరికైనా అన్న మాటలో ఉన్నది ఎందరు? ఆయన, ఇది. ఇంకెవరున్నారు? గోడకు అవతల మంచం మీద పడుకుని పిల్ల విన్నది. అమ్మ ఇంట్లో ఎవరికో ఒకరికి జబ్బు రావాలని అడుగుతోందని విన్నది, విని పరుగెత్తుకొచ్చి ఎందుకమ్మా అనలేదు, నాన్నకు చెప్పలేదు, ఏడవలేదు, ఏ అవయవం పనికొస్తుందా అని ఆలోచించుకుంది. మేమే కదా నేర్పాం. ముందు వరుసలో కూర్చోబెట్టి, మంచి బట్టలేసి, పాట పాడించి, మేమే నేర్పాం. పెద్దవాళ్ళంతా స్తోత్రం అని ఇళ్ళకు వెళ్ళి అన్నం తిని పడుకున్నారు, నమ్మింది ఇదొక్కతే. తల కొట్టేసినట్టయింది నాకు. నేల నన్ను మింగేస్తే బాగుండు అనిపించింది, మింగదు, అదీ మళ్ళీ ఒక తప్పించుకోవడమే. ఇంకా సిగ్గు ఏమిటంటే, ఇంత తెలిశాక కూడా నాలో ఒక మూల ఇంకొకటి లెక్కలేసుకుంటూనే ఉంది, ఎలాగూ ఆవిడతో చెప్పేశాం కదా, పెద్దాసుపత్రిలో వాళ్ళే బాగుందంటారు, అప్పటికి టిక్కెట్ల గడువు దాటిపోతుంది, పిల్లకు చెడిందేముంది అని. ఆ లెక్కలేసేదాన్ని పట్టుకుని పీక నొక్కేయాలనిపించింది. అది నేనే. కండక్టరుతో వేళాకోళం ఆడినదీ, ఇదీ ఒకతే.

"నువ్వు వెళ్ళాలనుకుంటున్నావు కదే" అన్నాను.

"నువ్వు వెళ్ళకూడదనుకుంటున్నావుగా" అంది. దానికి అక్కడితో లెక్క తేలిపోయింది. దాన్ని దగ్గరికి లాక్కోబోయాను, చేతులు రాలేదు, ఏ ముఖం పెట్టుకుని లాక్కుంటాను? ఆ చెవి బొమ్మ దాని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాను, అంతవరకే చేతనైంది.

డాక్టరమ్మ తిరిగి వచ్చింది. ఆయన ఇంకా చొక్కా తొడుక్కుంటున్నారట, వస్తారట. కుర్చీలో కూర్చోబోతుంటే చెప్పేశాను, కూర్చున్నాక చెప్పడం నావల్ల కాదని. "డాక్టరమ్మగారూ, నేను అబద్ధం చెప్పాను. చెవిపోటూ లేదు, ఏమీ లేదు. పిల్లకి బాగా వినపడుతుంది. నాకోసం అలా చేసింది, నేను తెలిసే ఊరుకున్నాను." ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. ఆ పక్కింటావిడ ధోరణి పోయింది. "పిల్ల చెవులతో ఆటలేమిటమ్మా? నరాల పరీక్షంటే దాన్ని మత్తిచ్చి పడుకోబెడతారు, తెలుసా? ఊరూరా తిరిగి మంచి చెప్పేవాళ్ళు మీరు!" అంది. అనాలి. ఇంకా అనాలి. నా భాషలో, నాకు ప్రతి మాటా అర్థమయ్యేలా, ఎత్తిపొడుపుతో సహా అన్నది. ఇదే కదా కావలసింది నాకు. "ఇంకోసారి చేయండి, నేను పక్కన ఉంటాను" అన్నాను. చేశారు. పిట్ట నా వైపు చూసింది, నేను తలూపాను. దీపం, చెయ్యి. దీపం, చెయ్యి. ఎడమచెయ్యి పైకెత్తుతూ కుడిచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. అన్నీ విన్నది. అంత సన్నటి చప్పుడు పెద్దవాళ్ళకు కూడా వినపడదు అంది పరీక్ష చేసే అమ్మాయి. డాక్టరమ్మ కాగితాల మీద గీసి, "అందరికీ బాగున్నట్టే. నీ రక్తం కూడా దివ్యంగా ఉంది" అంది నన్ను చూడకుండా. రక్తహీనత కూడా దక్కలేదు నాకు.

హాల్లోకి వచ్చాం. ఆయన చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని నిలబడ్డారు, పెద్దయ్య ఆయన సంచీ పట్టుకున్నారు. "పాప చెవి ఏదో అంటున్నారు?" అన్నారు ఈయన, ముఖం పాలిపోయి ఉంది. బాగుందండీ, పొరపాటు పడ్డారు, మళ్ళీ చూశారు, అంతా బాగే అన్నాను. "స్తోత్రం! నేను చెప్పలా అమ్మగారూ?" అని పెద్దయ్య జేబులోంచి ఫోను తీశారు, వంతులేసుకున్న వాళ్ళందరికీ చెప్పాలి కదా. మా ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి వదిలారు. అక్కడితో అయిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, డాక్టరమ్మ ఎవరితోనూ చెప్పే మనిషి కాదు, ఆదివారం మమ్మల్ని సాగనంపే ఆరాధనలో నేను లేచి నిలబడి వందనాలు చెప్పేదాన్ని. వెళ్ళేదాన్ని. అక్కడ మళ్ళీ ఏ నీళ్ళ తొట్టి దగ్గరో గొణుక్కునేదాన్ని, ఇది మళ్ళీ ఏ గోడకు అవతలో వినేది, ఈసారి దేనితో జవాబు చెప్పేదో. పిట్ట నా చీర కొంగు పట్టుకుని ఉంది.

"ఆగండి పెద్దయ్యా, ఇప్పుడే ఎవరికీ చెప్పకండి" అన్నాను. "ఏమండీ, నాకు రావాలని లేదు. చాలా రోజులుగా లేదు. మనలో ఎవరికైనా ఏదైనా తేలాలని నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను. పాప విన్నది. విని, చెవి వినపడనట్టు నటించింది."

పెద్దయ్య ఫోను చేతిలో అలాగే ఉండిపోయింది. హాల్లో ఇంకెవరెవరో ఉన్నారు, తలలు తిప్పారు. నా చెంపలు కాలిపోతున్నాయి, చెవులు కాలిపోతున్నాయి. దేనికైనా ఒక వాక్యం చూపించే మా ఆయన చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, పిల్ల పడుకున్నాక" అన్నారు.

"వద్దండీ. ఇక్కడే. అది వినాలి" అన్నాను.

ఆయన తల వంచుకుని బెంచీ మీద కూర్చున్నారు. కోపమో, అవమానమో, నాకు తెలియదు, ఆ రెండింటికీ ఆయనకు హక్కు ఉంది. నేను పిట్టను ఆయన పక్కన కూర్చోబెట్టి, దాని ఎదురుగా వంగి అడిగాను. ఇన్ని సంఘాల్లో దీని చేత పాట పాడించాం, ఈ మాట మాత్రం ఎవరమూ అడగలేదు.

"నీకు వెళ్ళాలని ఉందా?"

అది నాన్నను చూసింది, నన్ను చూసింది. "చెప్తే నువ్వు ఏడుస్తావా?" అంది.

"ఏడుస్తాను. అయినా చెప్పు."

"ఉంది" అంది పిట్ట.

నేను ఏడ్చాను. అది నన్ను ఏడవనిచ్చింది.